ప్రశ్న అడిగితే అమ్మ పింఛను పోతుందా?

ఆంధ్రప్రదేశ్‌లోని ఒక జిల్లా కేంద్రం నుంచి అరవై రెండేళ్ల పాఠకుడు సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. పేరు, ఊరు వేయవద్దని కోరారు. అందులోని సంగతులు క్లుప్తంగా ఇవీ.

ఆయన 1996లో ఒక ప్రైవేటు కర్మాగారంలో చేరి 2022లో పదవీ విరమణ చేశారు. చివరి జీతం 32,000 రూపాయలు. ఇప్పుడు ఉద్యోగుల పింఛను పథకం, అంటే ఈపీఎస్ కింద నెలకు 3,600 పైచిలుకు వస్తోంది. మొదటి నెల ఎంత వచ్చిందో ఇప్పటికీ అంతే. పీఎఫ్, గ్రాట్యుటీ కలిపి చేతికొచ్చిన 18 లక్షలు బ్యాంకులో డిపాజిట్ చేశారు. ఏడాదికి వచ్చే లక్షా పాతిక వేల వడ్డీలో బ్యాంకు పది శాతం కోసుకుంటోంది.

ఆయన తల్లికి ఎనభై నాలుగేళ్లు. పల్లెలో చిన్న కొడుకు దగ్గర, అతని రేషన్ కార్డులోనే ఉన్నారు. ఆమెకు రాష్ట్ర ప్రభుత్వ పింఛను నెలకు 4,000. ‘ఇరవై ఆరేళ్లు చందా కట్టిన నాకు మూడు వేల ఆరు వందలు, అమ్మకు నాలుగు వేలు. అమ్మకు వస్తున్నందుకు నాకు సంతోషమే. కానీ ప్రతి నెలా ఒకటో తేదీన ఆమె ఫోను చేసి, డబ్బులొచ్చాయిరా, నీకేమైనా పంపనా అని అడుగుతుంటే నా నోట మాట రాదు’ అని రాశారు.

వాళ్ల కాలనీలో విశ్రాంత ఉద్యోగుల సంఘం ఉంది. ఎక్కువ మంది ప్రభుత్వ ఉద్యోగాలు చేసినవారే. వచ్చే వార్షికోత్సవానికి ఎంపీ, ఎమ్మెల్యే ఇద్దరూ వస్తున్నారు. ఇద్దరిదీ ఒకే పార్టీ. చివరి అరగంట సభ్యుల ప్రశ్నలకు కేటాయించారు. ప్రైవేటు రంగంలో పనిచేసిన వారి తరఫున మాట్లాడమని సంఘం అధ్యక్షుడు ఈయనకు చెప్పారు. ఈయన పన్నెండు ప్రశ్నలు రాసుకున్నారు. ఆ కాగితం నకలు ఉత్తరానికి జతచేశారు.

విషయం తెలిసినప్పటి నుంచి ఇంట్లో మనశ్శాంతి లేదు. పెద్ద కొడుకు మున్సిపాలిటీలో చిన్నచిన్న కాంట్రాక్టు పనులు చేస్తాడు. బిల్లులు రావలసి ఉంది. ‘ఎమ్మెల్యే గారి ముందు గొడవ పెట్టుకోకు నాన్నా, ఈ ఒక్కసారికి ఊరుకో’ అంటున్నాడు. పక్కింటాయన ‘ఊళ్లో మీ అమ్మగారి పింఛను ఎగిరిపోగలదు, చూసుకోండి’ అని హెచ్చరించారు. భార్య ‘వాళ్లు ఎలాగూ ఇవ్వరు, అడిగి చులకన కావడం దేనికి?’ అంటున్నారు. ‘అడగాలా, వద్దా? అడిగితే ఏది అడగాలి? ఈ వయసులో ఉచితాల కోసం చేయి చాచినట్టు ఉండదా?’ అన్నవి ఆయన నన్ను అడిగిన ప్రశ్నలు.

అయ్యా, నమస్కారం.

మీ చివరి ప్రశ్నతో మొదలుపెడతాను. అది తేలకపోతే మిగతాదేదీ తేలదు. చేయి చాచడం అన్న మాట మీ పింఛనుకు వర్తించదు. మీ జీతం మీద, ఒక పరిమితి వరకు, యజమాని కట్టవలసిన 12 శాతంలో 8.33 శాతం ప్రతి నెలా పింఛను నిధికి వెళ్లింది. అది మీకు చేరాల్సిన ప్రతిఫలంలో భాగమే, మీ చేతికి ఇవ్వకుండా మీ పేరున దాచింది. కేంద్ర ప్రభుత్వం తన వంతుగా 1.16 శాతం కలుపుతుంది. మీ శ్రమతో కూడిన నిధి ఎలా ఉంది, మీకు ఎంత వస్తుంది అని అడగడానికి సిగ్గుపడవలసిన పనేముంది? అమ్మగారి పింఛను సంగతికి వస్తే, వృద్ధాప్యంలో ఆసరా కల్పించేందుకు ప్రభుత్వం తన ఆర్థిక శక్తి మేరకు ఏర్పాటు చేయాలని రాజ్యాంగం 41వ అధికరణంలోనే రాసి ఉంది. ఇక మీరు ఆదాయపు పన్ను కట్టడం లేదని ఎవరైనా దెప్పితే, సబ్బు కొన్నా చెప్పులు కొన్నా జీఎస్టీ కడుతూనే ఉన్నారు కదా. అడిగే హక్కు గురించి ఇక బెంగ పెట్టుకోకండి.

మీ పన్నెండు ప్రశ్నలూ చదివాను. ఒక్క మాట చెప్పనివ్వండి: వాటిలో కొన్ని ఆ సభలో ఎవరినీ అడగవలసినవి కావు. మీ పని మీరే చేసుకోగలిగినవి.

బ్యాంకు కోత విషయం చూడండి. ‘ముసలివాళ్ల వడ్డీ మీద కూడా పన్నేమిటి?’ అని రాశారు. మీ పింఛను ఏడాదికి 43,000 చిల్లర, వడ్డీ లక్షా పాతిక వేలు. రెండూ కలిపినా లక్షా డెబ్బై వేలకు మించదు. కొత్త పన్ను విధానంలో నాలుగు లక్షల వరకు పన్నే లేదు. పాత విధానంలోనైనా అరవై దాటినవారికి మూడు లక్షల వరకు లేదు. మీరు కట్టవలసిన పన్ను సున్నా. మరి బ్యాంకు ఎందుకు కోసింది? సీనియర్ సిటిజన్లకు వడ్డీ ఏడాదికి లక్ష దాటితే ముందుగానే పది శాతం మినహాయించి ప్రభుత్వానికి జమ చేయాలన్నది 2025 ఏప్రిల్ నుంచి ఉన్న నిబంధన. అంతకుముందు ఆ పరిమితి 50,000 ఉండేది. మీకు పన్ను పడదని ఏప్రిల్ నెలలోనే బ్యాంకుకు స్వయం ధ్రువీకరణ పత్రం ఇస్తే కోయరు. చాలా ఏళ్లుగా అందరూ 15హెచ్ అని పిలుస్తూ వచ్చిన పత్రం అదే. ఇప్పటికే కోసిన 12,500 పోయినట్టు కాదు, రిటర్ను దాఖలు చేస్తే వెనక్కి వస్తుంది. మూడున్నర నెలల పింఛనుకు సమానమైన డబ్బు అది. దాన్ని ఎంపీ గారి జవాబు కోసం వదిలేయకండి.

ఆరోగ్య బీమా మీద 18 శాతం జీఎస్టీ ఎందుకన్న ప్రశ్న కూడా కొట్టేయండి. వ్యక్తిగత ఆరోగ్య, జీవిత బీమా పాలసీలకు 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ తీసేశారు. మీది సంఘం ద్వారా తీసుకున్న గ్రూపు పాలసీ అయితే మాత్రం ఆ మినహాయింపు వర్తించదు. రసీదు ఒకసారి చూసుకోండి. అలాగే అమ్మగారికి ఆయుష్మాన్ కార్డు తీసుకున్నారా? డెబ్బై దాటినవారందరికీ, ఆదాయంతో సంబంధం లేకుండా, ఏడాదికి ఐదు లక్షల వరకు వైద్యం 2024 అక్టోబరు చివరి నుంచి అందుబాటులో ఉంది. ఆధార్ ఉంటే చాలు.

మూడోది, 32,000 జీతానికి 3,600 పింఛను ఏమిటి, కంపెనీ మోసం చేసిందా అన్న మీ అనుమానం. అది మోసం కాకపోవచ్చు, పరిమితి. పింఛను లెక్కకు జీతమంతా తీసుకోరు. 2014 సెప్టెంబరుకు ముందు సర్వీసుకు గరిష్ఠంగా 6,500, ఆ తరువాతి సర్వీసుకు గరిష్ఠంగా 15,000 మాత్రమే తీసుకుంటారు. ఆ మొత్తాన్ని సర్వీసు సంవత్సరాలతో హెచ్చవేసి 70తో భాగిస్తారు. 20 ఏళ్లు దాటినందుకు రెండేళ్లు అదనంగా కలుపుతారు. ఈ లెక్కన మీకు రావలసింది దాదాపుగా ఇప్పుడు వస్తున్నదే. మరోవైపు నుంచి చూస్తే, మీ జీతం ఎంత ఉన్నా 2014 వరకు నెలకు గరిష్ఠంగా 541 రూపాయలు, తరువాత 1,250 రూపాయలు మాత్రమే ఆ నిధికి వెళ్లాయి. అసలు జీతం మీద ఎక్కువ పింఛను పొందే ఐచ్ఛికం సుప్రీంకోర్టు 2022 నవంబరు తీర్పు తరువాత కొందరికి దొరికింది గానీ, దరఖాస్తు గడువు 2023 జులైలోనే ముగిసింది. దాని గురించి అడిగి మీ నిమిషం వృథా చేసుకోవద్దు.

ఇప్పుడు నాకు కాస్త ఆందోళన కలిగించిన ప్రశ్న. ఏడో నంబరులో ‘టీచర్లకు, గుమాస్తాలకు యాభై వేల పింఛను, మాకు మూడు వేలా?’ అని రాశారు. మీ మనసు నాకు అర్థమవుతుంది. కానీ ఆ హాలులో కూర్చున్నవారిలో ఎక్కువ మంది టీచర్లు, గుమాస్తాలే. ఆ మాట అనగానే వాళ్లు మీకు దూరమవుతారు. వేదిక మీద ఉన్నవారికి ఊపిరి ఆడుతుంది. ఇక అరగంటా మీరూ మీరూ వాదించుకుంటారు, వాళ్లు చిరునవ్వుతో వింటారు. పైగా వాళ్ల పింఛను తగ్గితే మీది పెరగదు. అమ్మగారి నాలుగు వేలతో మీ 3,600 పోల్చడం కూడా సభలో వద్దు. ఆ పోలికలో బాధ నిజమే. అయితే అది విన్న నాయకుడు ‘అవును, వృద్ధాప్య పింఛన్లు మరీ ఎక్కువైపోయాయి’ అని తల ఊపితే నష్టం ఎవరికి? పల్లెలో ఉన్న అమ్మగారికీ ఆమెలాంటి వారికీ.

అదే పోలికను పనికొచ్చేలా మార్చుకోవచ్చు. కేంద్ర ఉద్యోగుల కోసం 2025 ఏప్రిల్ నుంచి వచ్చిన ఏకీకృత పింఛను పథకంలో, కనీసం పదేళ్ల సర్వీసు ఉన్నవారికి నెలకు 10,000 రూపాయలకు తగ్గకుండా హామీ ఉంది. దానిపై ధరల పెరుగుదలకు తగ్గ భత్యమూ ఉంది. ఈపీఎస్‌లోనూ పింఛనుకు అర్హత పదేళ్ల సర్వీసే. కానీ ఇక్కడ కనీస పింఛను 2014 సెప్టెంబరులో పెట్టిన 1,000 రూపాయల దగ్గరే ఉంది, భత్యమన్నది లేనే లేదు. ‘వాళ్లకెందుకు?’ అని కాక ‘పదేళ్లు పనిచేసిన మనిషికి పదివేలైనా ఉండాలని మీ ప్రభుత్వమే ఒప్పుకుంది కదా, ప్రైవేటు రంగంలో అదే పదేళ్లకు వెయ్యి చాలని ఏ లెక్కన నిర్ణయించారు?’ అని అడిగితే హాలులో ఒక్కరూ నొచ్చుకోరు. అయితే దీనికి ఒక సమాధానం ఉందని ముందే తెలుసుకోండి: ఆ పథకంలో ఉద్యోగి తన జీతంలో పది శాతం కడతాడు, ప్రభుత్వం అంతకంటే చాలా ఎక్కువ కలుపుతుంది, మీ నిధికి వెళ్లింది చాలా తక్కువ అంటారు. అది నిజమే. అప్పుడు మీరు అడగవలసింది ‘పన్నెండేళ్ల నాడు పెట్టిన 15,000 పరిమితిని ఎందుకు పెంచలేదు?’ అని. పరిమితి పెంచకుండా చందా తక్కువైందని చందాదారుడికే చెప్పడం న్యాయం కాదన్నది నా అభిప్రాయం.

మీ కాగితంలో ఇంకో చిక్కుముడి ఉంది, మీరు గమనించినట్టు లేదు. మొదటి ప్రశ్నగా ‘కనీస పింఛను 3,000 చేస్తారా, చేయరా?’ అని రాసి రెండు గీతలు గీశారు. రేపు చేశారే అనుకోండి. మీకు ఇప్పటికే 3,600 వస్తోంది. మీకు ఒక్క రూపాయీ పెరగదు. కనీస పింఛను మీ 3,600 దాటితే తప్ప, అంటే పింఛనుదారుల సంఘాలు కోరుతున్న 7,500 లాంటిది అయితే తప్ప, ఆ పెంపు మిమ్మల్ని తాకదు. నిజంగా మిమ్మల్ని కుంగదీస్తున్నది వేరే: 2022లో వచ్చిన అంకె 2032లోనూ అదే అంకెగా ఉండబోతోంది. ప్రభుత్వ పింఛనుదారులకు ఏటా రెండుసార్లు కరువు భత్యం సవరిస్తారు. అమ్మగారి పింఛనుకు అలాంటి సూత్రం లేదు గానీ ఎన్నికలున్నాయి. 2014లో 200 నుంచి 1,000 అయింది, 2019 మొదట్లో 2,000, ఆపైన మెట్లు మెట్లుగా 3,000, 2024లో 4,000. ఈపీఎస్‌కు సూత్రమూ లేదు, ఎన్నికల్లో దాన్ని పట్టించుకునేవారూ తక్కువ. దేశమంతా చెల్లాచెదురుగా ఉన్నవారు మీరు. ఒక నియోజకవర్గంలో గెలుపోటములు తేల్చే గుంపుగా ఎవరికీ కనిపించరు. అందుకే మీరు లేచి నిలబడి అడగడానికి విలువ ఉంది.

కాబట్టి మీ కోసం అడుగుతారా, వెయ్యి రూపాయలతో బతుకుతున్నవారి కోసం అడుగుతారా అన్నది మీరే తేల్చుకోవాలి. మీ కోసమైతే ధరలతో ముడిపెట్టమనే ప్రశ్న. వారి కోసమైతే కనీస పింఛను ప్రశ్న. సంఘం మిమ్మల్ని ప్రతినిధిగా నిలబెట్టింది కాబట్టి రెండోది అడిగినా మీకు గౌరవమే. రెండూ ఒకే ఊపిరిలో అడిగితే మాత్రం నాయకుడు తనకు తేలికైనదాన్ని పట్టుకుని దానికే జవాబిస్తాడు.

మీ భయాల దగ్గరికి వద్దాం. కొడుకు బిల్లులు, అమ్మ పింఛను, ఈ రెండూ రాష్ట్రం పరిధిలోవి. అంటే ఎమ్మెల్యే గారి వైపువి. అమ్మగారికి వచ్చే నాలుగు వేలలో కేంద్రం వాటా ఉన్నా అది ఎనభై దాటినవారికి 500 మాత్రమే. మీ గుండెల్లో ఉన్న ఈపీఎస్ ప్రశ్న పూర్తిగా కేంద్రానిది. కార్మిక శాఖ మంత్రి అధ్యక్షులుగా ఉండే ఉద్యోగుల భవిష్య నిధి సంస్థ ధర్మకర్తల మండలి, కార్మిక శాఖ, ఆర్థిక శాఖ కలిస్తే తప్ప అది కదలదు. ఎమ్మెల్యే గారిని అడిగినా ఆయన చేయగలిగింది లేదు. అంటే మీరు భయపడుతున్నది ఒకరికి, అడగదలచుకున్నది మరొకరిని. ఎంపీ గారి పేరు పెట్టి, కేంద్ర పథకం గురించి, మర్యాదగా అడిగిన ప్రశ్నను ఎమ్మెల్యే గారు తన మీద దాడిగా తీసుకోవడానికి ఆస్కారం తక్కువ. పార్టీ ఒకటే కాబట్టి అసలు లేదనను. సభలో ఎవరైనా మీ ప్రశ్న పట్టుకుని నినాదాలు మొదలుపెడితే అది మీ చేయి దాటుతుంది. అందుకే ‘ఇది ఏ పార్టీ తప్పూ అనడం లేదు, వెయ్యి రూపాయలు పెట్టి ఇన్నేళ్లయింది, ఈ మధ్యలో అందరూ ఉన్నారు’ అన్న ఒక్క వాక్యంతో మొదలుపెట్టండి.

రాష్ట్ర పింఛన్ల మీద మీ కాగితంలో ఉన్న మూడు ప్రశ్నలను మాత్రం మీరు అడగవద్దంటాను. అవి మంచి ప్రశ్నలే. ముఖ్యంగా పింఛను ఆపినప్పుడు కారణం రాసి ఇస్తున్నారా అన్నది. వాటిని సంఘం తరఫున వినతిపత్రంలో పెట్టించండి. పది మంది సంతకాల కింద ఉన్న ప్రశ్నకు ఒక తల్లి పేరు అంటుకోదు.

అమ్మగారి విషయంలో పక్కింటాయన మాటను పూర్తిగా కొట్టిపారేయలేను. ఊళ్లలో అలాంటి బెదిరింపులు వినపడతాయి, వాటితోనే చాలామంది నోళ్లు మూతపడతాయి. కానీ పింఛను తీసేయాలంటే అర్హత లేదని చూపాలి. ఆదాయం, భూమి, నాలుగు చక్రాల వాహనం, నెలకు 300 యూనిట్లు దాటిన కరెంటు వాడకం, ఇంట్లో ఆదాయపు పన్ను కట్టేవారు, ఇవీ చూసేవి. ఇవన్నీ మీ తమ్ముడి ఇంటికి సంబంధించినవి, మీకు కాదు. తమ్ముడితో కూర్చుని ఆ కాగితాలు ఒకసారి సరిచూసుకోండి. పింఛను గుర్తింపు సంఖ్య, ఆధార్, రేషన్ కార్డు నకళ్లు మీ దగ్గరా ఒక జత ఉంచుకోండి. అర్హతలో లోటు లేకపోతే, ఏ నెలైనా ఆగితే కారణం రాతపూర్వకంగా అడగవచ్చు, సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలకు మించని రుసుముతో దరఖాస్తు పెట్టవచ్చు. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఒకవేళ అర్హతలో నిజంగా లోటు ఉంటే, మీరు ప్రశ్న అడిగినా అడగకపోయినా అది ఎప్పటికైనా బయటపడేదే.

అబ్బాయి సంగతి ఇంతకంటే సున్నితం. అతను పిరికితనంతో అంటున్నాడని నాకు అనిపించలేదు. చేసిన పనికి డబ్బు రాక, కూలీలకు తన జేబులోంచి ఇచ్చుకునే మనిషికి తండ్రి ప్రశ్న కంటే ముందు బిల్లే కనిపిస్తుంది. సభ రోజున అతనికి తెలియకుండా లేచి అడిగితే, బిల్లు ఆలస్యమైన ప్రతి నెలా ఆ నింద మీ మీదే పడుతుంది, కారణం వేరే అయినా. కనుక ముందే చెప్పండి. అనుమతి అడగమనడం లేదు, ఏ ప్రశ్న, ఎవరిని, ఏ మాటల్లో అన్నది అతనికి చదివి వినిపించండి. రాసుకున్న పన్నెండు ప్రశ్నల కాగితం చూసి భయపడినవాడు ఆ ఒక్క ప్రశ్న వింటే కుదుటపడవచ్చు. అప్పటికీ వద్దంటే, అతని బిల్లు మొత్తం ఎంత, ఎన్నాళ్లుగా ఉంది, దాని మీద ఎంత అప్పు తెచ్చాడు అని అడిగి తెలుసుకోండి. ఆ అంకె మీ ఇంటిని కదిలించేంత పెద్దదైతే మీ నిర్ణయం మారవచ్చు, అందులో తప్పు లేదు.

అడగాలనే నిశ్చయించుకుంటే, వెళ్లేముందు చేయవలసిన పని ఒకటుంది. లోక్‌సభ వెబ్‌సైటులో ప్రతి సభ్యుడు ఏ తేదీన ఏ మంత్రిని ఏం అడిగారో, మంత్రి ఏం జవాబిచ్చారో అంతా ఉంటుంది. మీ ఎంపీ పేరు మీద ఈపీఎస్ గురించి ఏమైనా ఉందా అని అబ్బాయితోనో మనవడితోనో వెతికించండి. ఉంటే దాన్ని ప్రస్తావించి కృతజ్ఞత చెప్పి, తరువాత ఏమైందని అడగండి. లేకపోతే నేనైతే ఇలా అడుగుతాను:

‘అయ్యా, భగత్ సింగ్ కోశ్యారీ గారి అధ్యక్షతన రాజ్యసభ పిటిషన్ల కమిటీ ఈపీఎస్ కనీస పింఛను మూడు వేలు చేయాలని 2013లో సిఫారసు చేసింది. మరుసటి ఏడాది వెయ్యి చేశారు. ఇంతవరకూ అదే వెయ్యి. ఆ పింఛనుకు కరువు భత్యం కూడా లేదు. పార్లమెంటు వచ్చే సమావేశాల్లో దీని మీద మీరు కార్మిక మంత్రిని ప్రశ్న అడుగుతారా?’

మూడు సంగతులు, ఒక ప్రశ్న. నిమిషం లోపు అయిపోతుంది. ‘పేదల బాధలు మీకు పట్టవా?’ అని అడిగితే ‘నేనూ పేద కుటుంబం నుంచే వచ్చాను’ అన్న జవాబు వస్తుంది, చప్పట్లు పడతాయి, మీరు కూర్చుంటారు. ‘పింఛను పెంచుతారా?’ అని అడిగితే ‘తప్పకుండా కృషి చేస్తాం’ అంటారు. కృషి చేశారో లేదో ఎవరు తేల్చగలరు? పార్లమెంటులో ప్రశ్నకు నోటీసు ఇవ్వడం మాత్రం ఎంపీ ఒక్కరే చేయగల పని. అనుమతి పొందిన ప్రశ్న రికార్డులో ఉంటుంది, లేకపోతే అదీ తెలుస్తుంది.

‘నిధిలో లోటు ఉంది’ అన్న జవాబుకు సిద్ధంగా ఉండండి. ప్రభుత్వం పార్లమెంటులోనూ తరచూ చెప్పే మాట అది. దాన్ని అబద్ధమని కొట్టేయవద్దు. పింఛన్లు పెరగాలంటే చందా పెరగాలి, లేదా బడ్జెట్ నుంచి డబ్బు రావాలి. బడ్జెట్ డబ్బు అంటే అందరూ కట్టే పన్నే. కాబట్టి ‘లోటు ఎంత? మూడు వేలు చేస్తే ఏడాదికి అదనంగా ఎంత కావాలి? ఆ లెక్క మాకు చెప్పించండి’ అనండి. ఖర్చు లెక్క అడిగే ఓటరును ఉచితాలకు అలవాటుపడ్డాడని ఎవరూ అనలేరు. ఎన్నికల ప్రణాళికల్లో హామీలు ఇచ్చేటప్పుడు వాటికి డబ్బు ఎక్కడి నుంచి తెస్తారో స్థూలంగానైనా చెప్పాలని, సుప్రీంకోర్టు 2013 తీర్పు తరువాత ఎన్నికల సంఘం నియమావళిలో చేర్చింది. మీ ప్రశ్న ఆ దారిలోనిదే.

సభలో మీరు లేవడం వద్దనుకుంటే వేరే దారులున్నాయి. ఇదే ప్రశ్నను సంఘం లెటర్‌హెడ్ మీద రాసి అధ్యక్షుడు చదివితే మీ ఇంటి మీద భారం తగ్గుతుంది. ప్రభుత్వ పింఛనుదారులు కూడా సంతకం చేస్తే బలం పెరుగుతుంది. అయితే పది వినతుల మధ్య పదకొండోదిగా ఫైలులో చేరిపోయే ప్రమాదం ఉంది. కనుక నకలు మీద ‘ముట్టినది’ అని సంతకం, తేదీ వేయించుకోండి. లేదా సభతో పనిలేకుండా ఎంపీ గారికి నేరుగా ఉత్తరం రాసి, సమావేశాలకు నెల ముందు చేరేలా చూడండి. లోక్‌సభలో ప్రశ్నకు కనీసం పదిహేను రోజుల ముందు నోటీసు ఇవ్వాలి కాబట్టి ఆ వ్యవధి అవసరం. ఈ దారిలో గొడవ లేదు, మీ గొంతు మరెవరూ వినరు కూడా. అది మీకు సరిపోతుందా అన్నది మీరే చెప్పగలరు. ఉత్తరం చదివితే మీకు మాట్లాడాలని ఉందనే నాకు అనిపించింది.

మరో దారి నెమ్మదిది గానీ గట్టిది. కోశ్యారీ కమిటీ ఊరికే కూర్చుని ఆ సిఫారసు చేయలేదు. పింఛనుదారుల తరఫున ఒక పిటిషన్ వచ్చింది, దాని మీద విచారణ జరిపి చేసింది. వెయ్యి రూపాయల కనీస పింఛను వచ్చింది ఆ నివేదిక వెలువడిన మరుసటి ఏడాదే. జిల్లాలో మీలాంటి ఈపీఎస్ పింఛనుదారులు కలిసి, ఒక సభ్యుడి ద్వారా మళ్లీ పిటిషన్ పెట్టించే ప్రయత్నం చేయవచ్చు. ‘వాళ్లు ఎలాగూ ఇవ్వరు’ అన్న మీ ఇల్లాలికి ఈ సంగతి చెప్పండి. అడిగినంత రాలేదు, నిజం. కానీ కొందరు అడిగారు కాబట్టే అంతకుముందు రెండు వందలు, మూడు వందలు పింఛను తీసుకుంటున్నవారికి వెయ్యి అయినా వచ్చింది.

ఇవన్నీ చూశాక, అబ్బాయి బిల్లులు వచ్చేదాకా ఊరుకుందామని మీరనుకుంటే అదీ ఒక నిర్ణయమే. మాట్లాడే అవకాశాన్ని సంఘంలో ఉన్న మరో ప్రైవేటు పింఛనుదారుకు ఇవ్వండి. వెయ్యి, పదిహేను వందలు పింఛను తీసుకునే వారెవరైనా మీ కాలనీలోనే ఉంటారు, వారి పాస్‌బుక్కు మీ వాదన కంటే గట్టిగా మాట్లాడుతుంది. పైన రాసిన ప్రశ్నను వారి చేతికివ్వండి. వారు అడిగాక ‘నాదీ అదే ప్రశ్న’ అని కూర్చున్న చోటి నుంచి చేయి ఎత్తడానికి మీకు ఎవరి అభ్యంతరమూ ఉండదనుకుంటాను.